ఎవరూ తరమని పరుగు

తెల్లవారుజామున ఎమ్మిగనూరు–ఆదోని రోడ్డు మీద పరిగెత్తేవాడికి ఒక తంటా ఉంది. బండ్లు ఆగుతాయి. పాల క్యాన్లు వేలాడేసుకున్న మోపెడ్ కానీ, కూరగాయల గంపలతో మార్కెట్టుకు పోయే ఆటో కానీ, రాత్రి డ్యూటీ దిగి ఇంటికి పోతున్న కుర్రాడి మోటారు సైకిల్ కానీ, ఏదో ఒకటి పక్కకొచ్చి నెమ్మదిస్తుంది. "ఎక్కన్నా, దింపి పోతా" అంటారు. వద్దప్పా అంటే నమ్మరు. మొహమాటపడుతున్నాననుకుని ఇంకోసారి అడుగుతారు. ఒక పెద్దాయనైతే బండి ఆపి, స్టాండు కూడా వేసి, గొంతు తగ్గించి "ఎవురన్నా పోయినారా?" అన్నాడు. మా వైపు మనిషి పొద్దున్నే ఉరుకుతున్నాడంటే బస్సు తప్పిపోయి ఉండాలి, లేదా ఇంట్లో ఏదో కీడు జరిగి ఉండాలి. పోలీసు సెలక్షన్లకు తయారయ్యే పిల్లలు కాలేజీ గ్రౌండులో చుట్లు కొడుతుంటారు, వాళ్ళను ఎవరూ ఆపరు. 1600 మీటర్ల పరీక్ష ఉంది, దాని అవతల కానిస్టేబుల్ ఉద్యోగం ఉంది, దాని అవతల పెళ్ళి ఉంది. ఆ పరుగు ఎవరికైనా అర్థమవుతుంది. నలభై దాటి, బొజ్జ పూర్తిగా కరగని నేను ఎవరూ తరమకుండా, ఎక్కడికీ చేరాల్సిన అవసరం లేకుండా ఎందుకు ఉరుకుతున్నట్టు? ఆరోగ్యానికి అంటే సరిపోతుందని కొన్నాళ్ళు ఆ మాటే చెప్పాను. అయితే ఆరోగ్యానికి అరగంట చాలు కదా. డాక్టర్లు ఎవరూ మండుటెండలో యాభై కిలోమీటర్లు పరిగెత్తమని చీటీ రాసివ్వరు.

మారథాన్ అంటే 42.195 కిలోమీటర్లు. ఆ చివరి చిల్లర 1908 లండన్ ఒలింపిక్స్ పుణ్యం. విండ్సర్ కోట దగ్గర మొదలుపెట్టి, స్టేడియంలో రాజకుటుంబం కూర్చున్న చోటు ముందు ముగించాలని కొలిస్తే ఆ లెక్క వచ్చింది. దాన్ని మించి ఎంత దూరం పరిగెత్తినా అల్ట్రా అనే అంటారు. దక్షిణాఫ్రికాలో డర్బన్‌కూ పీటర్‌మారిట్స్‌బర్గ్‌కూ నడుమ, 1921 నుంచి, దాదాపు తొంభై కిలోమీటర్ల కామ్రేడ్స్ పరుగు జరుగుతోంది. మొదటి ప్రపంచ యుద్ధం నుంచి ప్రాణాలతో తిరిగొచ్చిన విక్ క్లాపమ్ అనే సైనికుడు చనిపోయిన తోటివాళ్ళ జ్ఞాపకంగా దాన్ని మొదలుపెట్టాడు. ఇప్పుడు అక్కడ పన్నెండు గంటల గడువు. గడువు ముగిసే క్షణంలో ఒకాయన పరుగు వచ్చే దిక్కుకు వీపు పెట్టి నిలబడి తుపాకీ పేలుస్తాడు. ఎవరు ఒక్క అడుగు దూరంలో ఆగిపోయారో చూస్తే చెయ్యి ఆడదు మరి. అమెరికాలో కథ ఇంకోలా మొదలైంది. కాలిఫోర్నియా కొండల్లో గుర్రాలకు నూరు మైళ్ళ పందెం ఒకటి ఉండేది, ఇరవై నాలుగు గంటల్లో చేరాలి. 1974లో గోర్డీ ఐన్స్‌లీ అనే ఆయన గుర్రం లేకుండా ఒంటరిగా, ఆగస్టు ఎండలో, అదే దారిని 23 గంటల 42 నిమిషాల్లో పరిగెత్తేశాడు. ఈనాటి వెస్టర్న్ స్టేట్స్ పరుగుకు అదే పునాది. ఇవన్నీ చదువుతుంటే నాకు తట్టిందేమిటంటే, ప్రతి అల్ట్రా వెనకా పరుగుతో సంబంధం లేని ఏదో ఒకటుంది. ఒకచోట చచ్చిపోయిన స్నేహితులు, ఇంకోచోట గుర్రాలు. మన దగ్గర ఏముంది? హైదరాబాదులో ఏటా ఆగస్టులో మారథాన్ జరుగుతుంది, వేల మంది వస్తారు, మంచినీళ్ళూ అరటిపళ్ళూ వైద్యులూ అన్నీ ఉంటాయి. అక్కడి స్నేహితుడు "అల్ట్రా చెయ్యాలంటే ఊటీ వైపో, పశ్చిమ కనుమలకో పోదాం, చల్లగా ఉంటుంది" అన్నాడు. చల్లగా ఉండే చోటుకి పోయి పరిగెత్తడంలో తప్పేమీ లేదు. నాకే ఎందుకో, మొదటిసారి అనేది మా నేల మీదే జరగాలనిపించింది. మా నేల అంటే మా ఎండ కూడా. ఆదోని నుంచి ఎమ్మిగనూరుకు తారు రోడ్డు సుమారు ముప్పై కిలోమీటర్లే. పొలాల డొంకలూ కాలువ గట్లూ పట్టుకుని చుట్టు తిరిగితే యాభై చెయ్యొచ్చు. మార్చి నెలాఖరుకు, ఉగాదికి ముందు పోదామని అనుకున్నాను. అప్పటికి మా దగ్గర నలభై డిగ్రీలు గడపలోకి వచ్చేసి ఉంటాయి.

ఎండ గురించి చదవడం మొదలుపెట్టాక తెలిసింది, పుట్టినప్పటి నుంచీ దానిలోనే ఉంటూ నేను దాన్ని ఎప్పుడూ సరిగా పట్టించుకోలేదని. ఒక లీటరు చెమట ఒంటి మీద పూర్తిగా ఆవిరైతే దాదాపు 580 కిలో కేలరీల వేడిని తీసుకుపోతుందట. ఆవిరవ్వాలి, కారిపోతే లాభం లేదు. బెజవాడలో, విశాఖలో ముప్పై అయిదు డిగ్రీలకే ప్రాణం పోతున్నట్టుంటుంది ఎందుకంటే అక్కడ గాలి నిండా తేమ. చెమట ఎటూ పోలేక కారుతుంది. మాది పొడి ఎండ. చెమట పట్టినట్టే తెలియదు, చొక్కా తడవదు, చివరికి వీపు మీద తెల్లటి ఉప్పు చారలు మాత్రం మిగులుతాయి. మేలు చేసేదీ అదే, మోసం చేసేదీ అదే. పోయింది ఎంతో తెలియనివాడు ఎంత తాగాలో ఎలా తెలుసుకుంటాడు? తక్కువ తాగితే వడదెబ్బ. భయపడి ఉప్పు లేని నీళ్ళు బిందెలకొద్దీ తాగితే నెత్తురులో సోడియం పడిపోయి అదొక ప్రమాదం. మజ్జిగలో ఉప్పు వేసి ఇచ్చే మా అమ్మ ఈ సంగతిని ఏ పుస్తకమూ చదవకుండా నడిపేసింది. ఇంకొకటి కూడా చదివాను. వేడిలో రోజూ కాస్త కాస్త పని చేస్తూ పోతే పది రోజుల నుంచి రెండు వారాల్లో ఒళ్ళు మారిపోతుందట. నెత్తురులో నీటి పాలు పెరుగుతుంది, చెమట ముందుగానే పట్టడం మొదలవుతుంది, దాని ఉప్పదనం తగ్గుతుంది, అంటే ఒళ్ళు ఉప్పును దాచుకోవడం నేర్చుకుంటుంది. దీని కోసం విదేశాల్లో పరుగువాళ్ళు ఆవిరి గదుల్లో కూర్చుంటారు. ఆదోని మార్కెట్ యార్డులో పత్తి బోరాలు ఎత్తే హమాలీకి ఆ గది అక్కర్లేదు.

ఇక్కడే నాకు మొదటి సందేహం పట్టుకుంది. చుట్టూ చూస్తే ఎవరూ ఎండతో పోరాడటం లేదు. అందరూ దానితో ఒక ఒప్పందం మీద బతుకుతున్నారు. వేసవి వస్తే ఉపాధి హామీ పనులకు ఆడవాళ్ళు పొద్దు పొడవకముందే సద్దిమూట కట్టుకుని పోతారు, పదకొండు గంటలకల్లా తిరిగొస్తారు. గొర్రెల కాపరి వేకువనే మంద తోలి, మధ్యాహ్నం చెట్టు కింద పడేస్తాడు. మా తాత ఎమ్మిగనూరులో గుంత మగ్గం నేసేవాడు. 1938లో మాచాని సోమప్ప గారు పెట్టిన చేనేత సహకార సంఘం నుంచి నూలు తెచ్చుకున్న వందలాది ఇళ్ళలో మాదీ ఒకటి. ఎండాకాలం గాలి పొడిబారితే నూలు పుటుక్కున తెగుతుంది. గుంతలో తడి ఉంటుంది, నేల చల్లదనం ఉంటుంది. మా తాత నడుము దాకా భూమిలో దిగి కూర్చుని, కాళ్ళు రెండూ పొద్దస్తమానం ఆడించేవాడు. ఎక్కడికీ పోకుండా ఎన్ని మైళ్ళు తొక్కాడో ఎవరు లెక్కపెట్టారు? ఇందరు ఇన్ని తరాలుగా ఎండ నుంచి తప్పుకోవడానికి ఇంత తెలివి ఖర్చు పెడితే, నేను డబ్బులిచ్చి బూట్లు కొనుక్కుని మరీ దానికి ఎదురు పోవడం ఏమిటి?

ఆ సందేహం చరిత్ర పుస్తకాల దాకా లాక్కుపోయింది. ఆదోని 1953 దాకా బళ్ళారి జిల్లాలో ఉండేది. 1876–78 నాటి కరువు, మా పెద్దవాళ్ళు ధాత కరువు అని చెప్పుకునేది, బళ్ళారి కర్నూలు జిల్లాలను ఊడ్చిపెట్టింది. 1877లో సర్కారు తరఫున వచ్చిన సర్ రిచర్డ్ టెంపుల్ ఖర్చు తగ్గించడానికి ఒక ఉపాయం కనిపెట్టాడు. కరువు పని చేసేవాడికి రోజుకు ఒక పౌను ధాన్యం, పైన కాస్త చిల్లర. ఆ పని కూడా ఇంటికి పది మైళ్ళ అవతల ఉండాలి. నిజంగా ఆకలితో ఉన్నవాడే అంత దూరం నడిచొస్తాడు, మిగిలినవాళ్ళు ఇంట్లోనే ఆగిపోతారు అని లెక్క. దానికి దూరపు పరీక్ష అని పేరు. పది మైళ్ళంటే పదహారు కిలోమీటర్లు. ఆదివారం పొద్దున నేను సరదాగా పరిగెత్తే దూరం అది. ఈ సంగతి చదివిన తర్వాత చాలా రోజులు చేతి గడియారంలో పదహారు కనబడగానే కాళ్ళలో ఏదో అడ్డం పడ్డట్టయ్యేది. ఎముకలు తేలిన మనుషులు ఒక పౌను గింజల కోసం నడిచిన నేల మీదే నేను ఖర్జూరాలు నములుతూ పరిగెత్తుతున్నాను. ఇందులో నా తప్పేమీ లేదని తెలుసు. తెలిసినా కుదురు లేదు. ఇప్పటికీ కోసిగి వైపు నుంచి కుటుంబాలకు కుటుంబాలు, ఇళ్ళకు తాళాలు వేసి, రొట్టెల మూటలతో గుంటూరు మిరప కోతలకు సుగ్గికి పోతూనే ఉన్నాయి. ఆ ప్రయాణంలో ఎవరికీ మెడలో పతకం వెయ్యరు.

ఇంకో ఉదాహరణ కూడా గుర్తొచ్చి మనసు పాడుచేసింది. 2006 మే నెలలో ఒడిశాలో నాలుగేళ్ళ బుధియా సింగ్ పూరీ నుంచి భువనేశ్వర్ దాకా 65 కిలోమీటర్లు, 7 గంటల 2 నిమిషాలు పరిగెత్తాడు. టీవీలో చూసిన గుర్తు. పసిపిల్లవాడు, చుట్టూ కేరింతలు. తర్వాత ప్రభుత్వం ఆ పిల్లవాణ్ణి అంతంత దూరాలు పరిగెత్తించకూడదని ఆపింది. అప్పట్లో నేనూ అందరిలాగే అబ్బా అనుకున్నాను. ఇప్పుడు అడగాలనిపిస్తోంది, ఆగుతానని చెప్పే వీలు ఆ పిల్లవాడికి ఎవరిచ్చారని. బహుశా తేడా అంతా అక్కడే ఉందేమో. హమాలీకి ఆగే వీల్లేదు, సుగ్గికి పోయేవాళ్ళకు లేదు, దూరపు పరీక్షకు నడిచినవాళ్ళకు అసలే లేదు. నాకుంది. నా వెనకాల స్నేహితుడు మోటారు సైకిల్ మీద నీళ్ళతో వస్తుంటాడు, చెయ్యెత్తితే ఎక్కించుకుపోతాడు. మరి అలాంటప్పుడు ఎత్తకుండా ఉండటానికి విలువేమిటి? దీనికి ఆదోనిలో బయల్దేరేనాటికి నా దగ్గర జవాబు లేదు.

రణమండల కొండ కింద నుంచి చీకట్లోనే మొదలుపెట్టాం. వెనకాల కోట కొండలు, ఒకదాని మీద ఒకటి పేర్చిన గుండ్లు, రాత్రంతా చల్లారినా ఇంకా కొంచెం వెచ్చగానే ఉన్నాయి. గుండు మీద అరచెయ్యి పెడితే తెలుస్తుంది. నిన్నటి ఎండ అందులో దాక్కుని ఉంటుంది. విజయనగర రాజులకూ బీజాపూరు సుల్తానులకూ కావలసిన కోట అది. సిద్ది మసూద్ ఖాన్ కట్టించిన జామియా మసీదు నుంచి వేకువ అజాన్ వినిపిస్తుంటే, జిన్నింగ్ మిల్లుల గోడల వెంట పత్తి పింజలు కాళ్ళ కింద ఎగిరాయి. ఊరు దాటి ఆరేకల్ వైపు తిరిగి, రోడ్డు వదిలి డొంకలోకి దిగగానే నేల మారింది. మొదట ఎర్ర మట్టి, గులకరాళ్ళు, అడుగు వేస్తే కర్రకర్రమని శబ్దం. తర్వాత నల్లరేగడి. వానాకాలంలో బూటును లాగేసుకునే ఆ మట్టి మార్చిలో పగిలి నెర్రెలిచ్చి ఉంటుంది. కొన్ని నెర్రెల్లో చెయ్యి మణికట్టు దాకా దిగుతుంది. పత్తి మోళ్ళు పీకేసిన చేలల్లో గడ్డలు ఇనప ముద్దలే. వాటి మీద పాదం ఒక్కోసారి ఒక్కోలా ఒరుగుతుంది, ఒక్క అడుగు కూడా రెండో అడుగులా ఉండదు. తారు రోడ్డు మీద మనిషి ఆలోచించుకుంటూ పరిగెత్తొచ్చు. ఇక్కడ కుదరదు. పల్లేరు కాయలు, సర్కారు తుమ్మ ముళ్ళు, మోటబావుల అంచులు, అన్నీ చూసుకోవాలి. ఆ మొదటి గంటలు ఎంత హాయిగా గడిచాయో చెప్పలేను. గాలి చల్లగా ఉంది, ఎక్కడో నెమలి అరిచింది, కాళ్ళు వాటంతటవే పోతున్నాయి. అరుదుగా దొరికే ఆ తేలికదనం గురించే పరుగువాళ్ళందరూ రాస్తారు కాబట్టి దాన్ని అక్కడికి వదిలేస్తాను.

ఎనిమిదిన్నరకు ఎండ వీపు మీద చెయ్యి వేసింది. తొమ్మిదిన్నరకు భుజాల మీద కూర్చుంది. దిగువ కాలువ గట్టు ఎక్కాక నీడ అన్నదే లేదు. తుంగభద్ర నీళ్ళు ఖరీఫ్‌లో ఆ కాలువలో ఒరుసుకుంటూ పోతాయి. ఆ రోజు అడుగున పచ్చటి మడుగులు తప్ప ఏమీ లేవు. నెత్తి మీద తడి తువ్వాలు వేసుకుంటే పది నిమిషాల్లో అట్టగా ఎండిపోయేది. స్నేహితుడు మళ్ళీ తడిపిచ్చేవాడు. నిమ్మకాయ, ఉప్పు, చక్కెర కలిపిన నీళ్ళు గుక్కగుక్కగా. పరుగు నడకైంది, నడక మళ్ళీ కాసేపు పరుగైంది. అల్ట్రాలు పరిగెత్తేవాళ్ళు దీన్ని దాచుకోరు, ఎత్తు వస్తే నడుస్తాం అని గర్వంగానే చెబుతారు. నాకు ఎత్తు కూడా లేదు, చదును నేల మీదే నడిచాను. కామ్రేడ్స్‌లో వీపు తిప్పి నిలబడే పెద్దమనిషి పదేపదే గుర్తొచ్చాడు. నా పరుగుకు తుపాకీ లేదు, గడువు లేదు. లేనప్పుడు ఈ గడియారాన్ని మాటిమాటికీ ఎందుకు చూసుకుంటున్నాను? పదకొండులోపు ముగించాలని నాకు నేను పెట్టుకున్న షరతు ఎవరికి చూపించడానికి?

గట్టు దిగిన చోట ఒక పెద్ద వేపచెట్టు, దాని కింద గొర్రెల మంద. ఎండలో గొర్రెలు నిలబడే తీరు దగ్గర నుంచి చూస్తే తప్ప నమ్మశక్యం కాదు. అన్నీ ఒకదానికొకటి అతుక్కుపోయి, ప్రతి గొర్రె తన తలను పక్కదాని పొట్ట కిందకు దూర్చి, తోటిదాని నీడను తన ముఖానికి పట్టుకుంటుంది. ఒక్క తల కూడా పైకి కనపడదు. అన్నీ వీపులే, డొక్కలు మాత్రం వేగంగా ఎగురుతుంటాయి. కాపరి పక్కన తడి గోనెపట్టా చుట్టిన ప్లాస్టిక్ సీసా. అందులో నీళ్ళు నా ఖరీదైన సంచిలోని నీళ్ళకంటే చల్లగా ఉన్నాయి. 2004లో బ్రాంబుల్, లీబర్‌మన్ అనే ఇద్దరు శాస్త్రవేత్తలు 'నేచర్' పత్రికలో రాశారు, మనిషి ఒళ్ళే దూరపు పరుగు కోసం తయారైందని. మెడ వెనక తలను నిలిపి ఉంచే నరం లాంటి పట్టీ, పెద్ద పిర్ర కండరం, బొచ్చు లేని చర్మం, ఒంటి నిండా చెమట గ్రంథులు. జంతువు రొప్పుతూ నాలుగు కాళ్ళ మీద దౌడు తియ్యలేదు, మనిషి చెమటోడుస్తూ వెంటపడగలడు, మిట్టమధ్యాహ్నం జంతువు వేడెక్కి కూలబడేదాకా. ఆ లెక్కన నేను ఈ మందను తరిమి పట్టగలిగినవాణ్ణి. "ఏమప్పా, ఏంటికి ఉరుకుతాండావు?" అన్నాడు కాపరి. చెప్పాను. యాభై కిలోమీటర్ల సంగతి విని ఆయన ఆశ్చర్యపోలేదు, మందతో తనకూ రోజూ ఇరవై దాకా అవుతుందన్నాడు. ఆయనను ఇబ్బంది పెట్టింది దూరం కాదు, వేళ. "ఇప్పుడు లేస్తే ఎండ మింగుతాది. పొద్దు వాలినాంక పో. ఊరు యాటికీ పోదు" అని, నాకు గొంగడి కొస పరిచి, తాను తువ్వాలు మొహాన కప్పుకుని నిద్రపోయాడు.

పడుకున్నాను. పరుగు మధ్యలో పడుకోవడమంటే మొదట దొంగతనంలా అనిపించింది. తర్వాత వేపాకుల్లోంచి పడే వెలుతురు చుక్కలు చూస్తుంటే ఆ భావం పోయింది. ఎదురుగా కాలువ గట్టు మీద గాలి నీళ్ళలా కదులుతోంది. ఆ వడగాలిలో వెళ్ళి ఉంటే ఏమయ్యేదో నాకు తెలుసు. ఒంటి లోపలి వేడి నలభై డిగ్రీలు దాటితే మొదట పోయేది కాలి బలం కాదు, బుద్ధి. మాట తడబడుతుంది, తాను బాగానే ఉన్నాననుకుంటాడు మనిషి. అందుకే వడదెబ్బ తగిలినవాడి మాట వినకుండా నీళ్ళు గుమ్మరించాలంటారు. ఈ నేల మీద ఎండలో తిరిగిన ఇంకొకరు అప్పుడు గుర్తొచ్చారు. దత్త మండలాలకు 1800లో మొదటి కలెక్టరుగా వచ్చిన థామస్ మన్రో ఏళ్ళ తరబడి గుర్రం మీద తిరిగి, డేరాల్లో ఉంటూ రైతులతో మాట్లాడి శిస్తులు కట్టాడు. గవర్నరయ్యాక, పదవి వదిలి ఇంటికి పోయే ముందు, చివరిసారి ఈ పల్లెలు చూసిపోదామని వచ్చి 1827 జులైలో పత్తికొండలో కలరాతో చనిపోయాడు. ఆయన జ్ఞాపకంగా సర్కారు పత్తికొండలో ఒక మెట్ల బావి తవ్వించి తోపు వేయించింది. మద్రాసులో గుర్రం మీద విగ్రహం కూడా ఉంది, కానీ చూడబోతే ఈ దేశానికి సరిపడే స్మారకం చెట్టూ బావేనని ఆ వేప కింద పడుకున్నవాడికి అనిపించడంలో వింత లేదు. ఇక్కడ ఎవరికైనా మేలు చెయ్యాలంటే నీడో నీళ్ళో ఇవ్వాలి, మిగిలినవన్నీ తర్వాత.

పొద్దు వాలాక లేచి తారు రోడ్డుకు చేరేసరికి నేను ఒంటరివాణ్ణి కాదు. సిరుగుప్ప వైపు నుంచి, బళ్ళారి వైపు నుంచి వచ్చే కన్నడ భక్తులు ఉగాదికి శ్రీశైలం నడిచిపోతుంటారు. వాళ్ళు కూడా మధ్యాహ్నం ఎక్కడో గుడిలోనో తోపులోనో పడుకుని అప్పుడే లేచి కదిలారు. ముసలివాళ్ళు, చంకన బిడ్డతో తల్లులు, ఉత్త కాళ్ళతో కొందరు, అరికాళ్ళకు గుడ్డలు చుట్టుకుని కొందరు. ఒకడు పొడుగాటి కట్టెకాళ్ళ మీద అందరికంటే ఎత్తున టకటకా పోతున్నాడు, చుట్టూ పిల్లలు. ఈ నడక ఎమ్మిగనూరు, కర్నూలు, ఆత్మకూరు మీదుగా వెంకటాపురం చేరి, అక్కడ నల్లమల అడవిలోకి దిగుతుంది. నాగలూటి, పెచ్చెరువు, భీముని కొలను దాటి కైలాసద్వారం ఎక్కాలి. అడవి దారే నలభై కిలోమీటర్ల దాకా ఉంటుంది, అదీ మార్చి ఎండలో, రాళ్ళ మీద. ప్రోలయ వేమారెడ్డి కాలం నుంచి ఆ కొండకు మెట్లు కడుతూనే ఉన్నారు, భక్తులు వాటిని అరగదీస్తూనే ఉన్నారు. భ్రమరాంబ తమ ఇంటి ఆడపడుచు అని వాళ్ళు చెప్పుకుంటారు. పండగకు పుట్టింటి చీర, పసుపూ కుంకుమా తీసుకుపోవడానికి బస్సులో పోతే మర్యాదగా ఉండదట.

"ఎల్లిగె హోగ్తీరి అణ్ణా?" అని పక్కన నడుస్తున్న ఆమె అడిగింది. ఎమ్మిగనూరుకు అన్నాను. అంతేనా అన్నట్టు చూసి, అక్కడి నుంచి బస్సు దొరుకుతుంది కదా అంది. ఆమె చూపులో ఎగతాళి లేదు, చాలా దగ్గరలోనే ఆగిపోతున్నానని కొంచెం జాలి ఉంది. కోటేకల్ దగ్గర షామియానా వేసి ఊరివాళ్ళు మజ్జిగ, బొరుగులు, చిత్రాన్నం పెడుతున్నారు. నేను చదివిన అల్ట్రాల్లో దీన్ని సహాయ కేంద్రం అంటారు, దరఖాస్తు రుసుములో కలిపి డబ్బు తీసుకుంటారు. ఇక్కడ పట్టుకుని లాగి కూర్చోబెడుతున్నారు, తినకపోతే కోపం. ఒక మూల పట్టెమంచం మీద కూర్చున్న పెద్దాయన వచ్చినవాళ్ళ పాదాలకు ఆముదం రాసి పిసుకుతున్నాడు. నన్ను కూడా భక్తుడినే అనుకుని బూటు విప్పమన్నాడు. కాదని చెప్పే లోపలే మేజోడు లాగేశాడు. బొటనవేలి గోరు నల్లబడి ఉంది, మడమ మీద పొక్కు. దాన్ని చూసి ఏమీ అనకుండా, సూదికి దారం ఎక్కించి, దీపం వత్తికి సూది మొన చూపించి, పొక్కులోంచి దారం దూర్చి, రెండు కొసలూ బయటికి వదిలేసి కత్తిరించాడు. నీరు దారం వెంట మెల్లగా దిగిపోయింది, తోలు మాత్రం చెదరలేదు. డబ్బు తీస్తే చెయ్యి పక్కకు నెట్టి, తర్వాతి పాదం అందుకున్నాడు. నేను భక్తుణ్ణి కానని ఆయనకు చెప్పాలా? చెప్పకపోవడం మోసమా? ఆయన మొక్కుకు నా పాదం కూడా పనికొస్తే, ఆ లెక్క ఆయనకూ శ్రీశైలం మల్లన్నకూ మధ్యది కదా అని సరిపెట్టుకున్నాను. పూర్తిగా సరిపడలేదు.

అక్కడి నుంచి చివరి కిలోమీటర్లు వాళ్ళతోనే నడిచాను, మధ్యలో సిగ్గుపడుతూ కాస్త పరిగెత్తాను. ఆగే వీలుండి ఆగకపోవడం గురించి పొద్దున్న వెంట తెచ్చుకున్న ప్రశ్న వాళ్ళ మధ్యలో వేరే రంగు కట్టింది. వాళ్ళను కూడా ఎవరూ తరమడం లేదు. బస్సు ఎక్కినా మల్లన్న కాదనడు, ఆ సంగతి వాళ్ళకు నాకంటే బాగా తెలుసు. అయినా నడుస్తున్నారు. మరి వాళ్ళదీ నాదీ ఒకటేనా అంటే అవుననడానికీ నాలుక తిరగడం లేదు. వాళ్ళు నడుస్తున్నది ఒకరి దగ్గరికి. ఇంట్లో బిడ్డ జ్వరం తగ్గినందుకో, బోరులో నీళ్ళు పడినందుకో, పడాలనో. అల్ట్రా పరుగువాళ్ళ రాతల్లో ఈ వినేవాడు ఉండడు, అందుకే వాళ్ళు అంతగా రాస్తారేమో అని కూడా ఒక అనుమానం. ఈ వ్యాసం కూడా ఆ ఖాతాలోదే కావచ్చు.

ఎమ్మిగనూరు వచ్చేసరికి దీపాలు పెట్టారు. గడియారం యాభై దాటిందని చేతి మీద ఒకసారి వణికింది. మధ్యాహ్నం నిద్రను కూడా అది పరుగు వేళలోనే కలిపేసింది. సోమప్ప సర్కిల్ దగ్గర టీ తాగి, స్నేహితుడి బండి వెనక కూర్చుని ఇంటికి పోయాను. మర్నాడు మా వీధిలో ఒక పెద్దమ్మ, ఏటా ఉగాదికి శ్రీశైలం నడిచి పోయేది, కాళ్ళు ఎలా ఉన్నాయో చూడటానికి వచ్చింది. పరుగు కథ అంతా సావధానంగా విని, "మద్యాన్నం పండుకున్నావంట గదా, మరింక ఉరికిందేముంది?" అంది. కాపరి చెప్పిందీ, వడదెబ్బ సంగతీ వివరించాను. పండుకోవడం మంచిదేనట, మేమూ పండుకుంటామంది. వచ్చే ఏడు వెంకటాపురం నుంచి అడవి దారిలో తమతో రమ్మంది. వస్తానన్నాను. ముసలివాళ్ళను వదిలి ముందుకు ఉరకకూడదు, గుంపులో ఎవరు కూర్చుంటే అందరూ కూర్చోవాలి. దానికీ ఒప్పుకున్నాను. చేతికి ఆ గడియారం కట్టుకోవద్దంది. జేబులో పెట్టుకుంటానన్నాను. జేబులోంచి అస్తమానం తీస్తావు, నాకు తెలుసు, ఇంట్లో పెట్టి రా అంటుంది. ఆ బేరం ఇంకా తెగలేదు.